పసుపూ శొంఠీ బైపాస్ ఆపరేషనూ: తూకం ఎక్కడ తప్పుతుంది

నెల్లూరు పొగతోటలో యాంజియోగ్రామ్ చేయించుకున్న మనిషికి మూడు నాళాల్లోనూ పూడికలున్నాయి, బైపాస్ తప్పదు అని చెప్పి పంపితే, ఇంటికి చేరిన సాయంత్రం నుంచే సలహాలు మొదలవుతాయి. ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి రావాలి, రక్తం ఇచ్చేవాళ్లను చూసుకోవాలి, ఆపరేషన్ ఇక్కడేనా, చెన్నై పోవాలా, తిరుపతి స్విమ్స్‌కు పోవాలా తేల్చుకోవాలి. ఈలోగా కొన్ని రోజులో, కొన్ని వారాలో గడిచిపోతాయి. ఆ రోజుల్లోనే రాత్రిపూట పసుపు పాలు, పొద్దున శొంఠి మిరియాల కషాయం, పరగడుపున నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు, ఉదయగిరి వైపు నుంచి ఎవరో తెప్పించిన తెల్లమద్ది చెక్క పొడి ఒకదాని వెంట ఒకటి ఇంట్లోకి వస్తాయి. చెడు కోరి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. "ఛాతీ కోస్తారు, లోపల వాపు రాకుండా ముందే కాపు కాసుకోవాలి" అన్నదే వాళ్ల తాపత్రయం.

ఆ ఆలోచనను కొట్టిపారేయలేం. గుండె ఆపరేషన్ ఒళ్లంతా వాపు పుట్టిస్తుందన్నది నిజం. పసుపులో, అల్లంలో, వెల్లుల్లిలో, గుగ్గులులో వాపును అణచే పదార్థాలున్నాయన్నదీ నిజం. ఈ రెండు నిజాలనూ కలిపి ముడివేసేటప్పుడే చిక్కు వస్తుంది. వాపును అణచే మూలిక ఆ ఒక్క పనే చేసి ఊరుకోదు. రక్తం గడ్డకట్టే తీరును మారుస్తుంది, కాలేయం మందులను అరగదీసే వేగాన్ని మారుస్తుంది, కిడ్నీ మీద పని పెంచుతుంది. మామూలు రోజుల్లో ఒళ్లు ఈ మార్పులను సర్దుకుంటుంది. ఆపరేషన్ ముందు రెండు వారాలు, తర్వాత ఆరు వారాలు ఆ సర్దుబాటుకు చోటుండదు.

పంపు మీద రక్తం

వాపు అనగానే బెణికిన చీలమండ గుర్తొస్తుంది. ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, పొంగుతుంది, సలుపుతుంది. గుండె ఆపరేషన్‌లోనూ అవే కణాలు, అవే రసాయనాలు పనిచేస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ ఒక్క చోటే జరిగేది ఇక్కడ రక్తం పారే ప్రతి చోటా జరుగుతుంది. 1953 మే నెలలో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి మొదటిసారి విజయవంతంగా గుండె లోపల ఆపరేషన్ చేశాడు. యంత్రం అప్పటి నుంచి ఎంతో మెరుగుపడింది కానీ ఒక ఇబ్బంది మాత్రం అలాగే మిగిలింది. మన రక్తం పుట్టినప్పటి నుంచీ రక్తనాళం లోపలి పొరను తప్ప మరొకదాన్ని తాకి ఎరగదు. ప్లాస్టిక్ గొట్టాల్లోకి, ఆక్సిజన్ కలిపే పెట్టెలోకి పోగానే పరాయిదేదో చొరబడిందనుకుంటుంది. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు మేల్కొంటాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు నాళాల గోడలకు అంటుకుని, తమలో దాచుకున్న ఎంజైములను వదులుతాయి. గడ్డకట్టే వ్యవస్థ కూడా అదే క్షణంలో మేల్కొంటుంది. అందుకే యంత్రం ఎక్కించే ముందు ఒంటి బరువులో కిలోకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇచ్చి రక్తం గడ్డకట్టకుండా ఆపుతారు, దించాక ప్రోటమిన్‌తో దాన్ని విరుస్తారు.

మన దేశంలో చాలామంది సర్జన్లు గుండె కొట్టుకుంటుండగానే, ఈ యంత్రం, అంటే పంపు, లేకుండా బైపాస్ చేస్తారు. అప్పుడు ఈ గొడవ తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఎముక కోయడం, కాసేపు రక్తం అందని కండకు మళ్లీ రక్తం వదలడం ఎలాగూ తప్పవు. వాల్వు మార్చాలంటే మాత్రం పంపు ఎక్కాల్సిందే.

దీని లెక్క రక్తపరీక్షలో కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత రసాయనం కొన్ని గంటల్లోనే పైకెక్కుతుంది. దాని వెనకే వాపును కొలిచే సీఆర్‌పీ అనే ప్రోటీన్ పెరుగుతూ పోయి రెండో రోజో మూడో రోజో శిఖరానికి చేరుతుంది. ఆ రోజు రిపోర్టులో సీఆర్‌పీ నూరు దాటి ఉండటం మామూలు సంగతే. రిపోర్టు చేతికి రాగానే "చీము పట్టింది కాబోలు" అని హడలిపోనక్కర్లేదు. డాక్టర్లు చూసేది అంకెను కాదు, దాని నడకను. నాలుగో రోజు నుంచి దిగుతుంటే మంచిదే. దిగినది మళ్లీ ఎక్కితే అప్పుడు వెతుకుతారు.

ఈ వాపు చేసే నష్టాలు తెలిసినవే. ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, కిడ్నీ మందగిస్తుంది, నూటికి ఇరవై నుంచి నలభై మందికి గుండె పైగదులు లయ తప్పి కొట్టుకుంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఎక్కువగా రెండు, మూడు రోజుల్లో వస్తుంది. అలాగని వాపు మొత్తం శత్రువు కాదు. కోసిన రొమ్ముటెముక అతుక్కోవాలన్నా, కాలి నుంచి రక్తనాళం తీసిన గాయం మానాలన్నా, లోపల చేరిన క్రిములు చావాలన్నా పనిచేయాల్సింది ఈ కణాలే.

వాపును గట్టిగా అణచి చూద్దామని పెద్ద పరీక్షలే జరిగాయి. 2012లో నెదర్లాండ్స్‌లో 4,494 మందికి డెక్సామెథసోన్‌తో, 2015లో పలు దేశాల్లో 7,507 మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్‌తో చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. వాపును అణచడంలో స్టెరాయిడ్‌కు మించిన మందు దాదాపు లేదు. అయినా చావులు తగ్గలేదు. 2005లో ఇంకో చేదు పాఠం వచ్చింది. బైపాస్ అయిన 1,671 మందిపై చేసిన పరీక్షలో, పారెకాక్సిబ్, వాల్డెకాక్సిబ్ అనే వాపు నొప్పి మందులు ఇచ్చినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి నూటికి 2 వచ్చాయి. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో నూటికి 0.5. బైపాస్ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాడవద్దనే హెచ్చరిక అప్పటి నుంచి గట్టిపడింది. వాపు తగ్గితే మేలు జరిగినట్టేనని తేల్చేసుకోకూడదని ఈ మూడు పరీక్షలూ చెబుతున్నాయి. మూలికల సంగతి ఈ వెలుగులోనే చూడాలి.

పసుపు లెక్క

పసుపులో పనిచేసేది కుర్కుమిన్. మామూలు పసుపు పొడిలో అది నూటికి మూడు పాళ్ల చుట్టూ ఉంటుంది. ఒక టీస్పూను పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. పాలలో కలిపేది సాధారణంగా పావు టీస్పూను. అంటే పాతిక మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. అందులోనూ పేగు దాటి రక్తంలోకి చేరేది చాలా కొద్ది.

ఈ లెక్క పక్కన పెట్టుకుని, ఎక్కువమంది చెప్పుకునే పరీక్షను చూడండి. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో బైపాస్‌కు వెళ్లే 121 మందిని తీసుకున్నారు. సగం మందికి రోజుకు 4 గ్రాముల కుర్కుమినాయిడ్లు, ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి తర్వాత ఐదు రోజుల వరకూ ఇచ్చారు. ఆస్పత్రిలో ఉండగా గుండె కండ దెబ్బతిన్నవాళ్లు పసుపు వర్గంలో నూటికి 13.1, రెండో వర్గంలో 30. ఫలితం 2012లో అచ్చయింది. వినడానికి గొప్పగా ఉంది. కానీ 4 గ్రాముల కుర్కుమిన్ కావాలంటే 130 గ్రాములకు పైగా పసుపు పొడి తినాలి, అదీ రోజుకు. ఆ పరీక్షలో ఇచ్చింది శుద్ధి చేసిన సారం నింపిన గొట్టాలు, అంటే క్యాప్సూల్స్. పసుపు పాలకు ఆ ఫలితాన్ని అంటగట్టడం, చెంచాడు చెరకు రసం తాగి కిలో బెల్లం తిన్నానని లెక్క వేసుకోవడమే.

పైగా అది 121 మందితో ఒక్క ఆస్పత్రిలో జరిగినది. 2018లో కెనడా నుంచి ఇంకో పరీక్ష వచ్చింది. పొట్టలోని పెద్ద ధమని ఉబ్బినవాళ్లకు చేసే ఆపరేషన్ అది. గుండె ఆపరేషన్ కాకపోయినా ఒంటి మీద పడే దెబ్బ దానికి దగ్గరిదే. పది ఆస్పత్రుల్లో 606 మందిని తీసుకుని సగం మందికి నాలుగు రోజుల్లో ఎనిమిది మోతాదులు, ఒక్కోటి 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చారు. వాపు సూచికల్లో తేడా రాలేదు. కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలినవాళ్లు మాత్రం కుర్కుమిన్ వర్గంలో నూటికి 17, రెండో వర్గంలో 10. చిన్న పరీక్షలో మెరిసినది పెద్ద పరీక్షలో నిలబడకపోవడం వైద్యంలో కొత్తేమీ కాదు. ఇక్కడ నిలబడకపోవడమే కాక కిడ్నీ వైపు వేలు చూపించింది.

ఈ కిడ్నీ మాట ఉమ్మడి ప్రకాశం పడమటి ఊళ్లవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వినాలి. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్నవాళ్లు నొప్పి బిళ్లల మీదే బతుకీడుస్తున్నారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లూ ఆ వైపు చాలామంది. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికే కిడ్నీ పనిని చూపే క్రియాటినిన్ అంచు మీద ఉన్న మనిషికి పంపు ఒక దెబ్బ, యాంజియోగ్రామ్ రంగుమందు ఒక దెబ్బ. వాటి మీద అంగట్లో కొన్న "కుర్కుమిన్ 95 శాతం" గొట్టాలు మూడోది కాకూడదు.

గొట్టం సీసా మీద "నల్లమిరియాల సారంతో" అని ఉంటే మరింత జాగ్రత్త. మిరియాల్లోని పైపెరిన్ కుర్కుమిన్‌ను రక్తంలోకి బాగా పోనిస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చి చూస్తే రక్తంలో కుర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగింది. అయితే పైపెరిన్ తెరిచే తలుపు కుర్కుమిన్ ఒక్కదానికే కాదు. పేగులో, కాలేయంలో మందులను అరగదీసే ఎంజైములను అది అడ్డగిస్తుంది కాబట్టి ప్రొప్రనలాల్, ఫెనిటాయిన్, థియోఫిలిన్ లాంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి. ఈ జాతి గొట్టాలతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో వరసగా నమోదయ్యాయి. కూరలో పోపు పసుపుకూ, చారులో దంచిన నాలుగు మిరియాలకూ ఈ భయం అక్కర్లేదు.

డ్రెయిన్ గొట్టంలో కనిపించేది

ఆపరేషన్ అయ్యాక ఛాతీలోంచి గొట్టాలు పెట్టి, లోపల ఊరే రక్తాన్ని బయటి సీసాలోకి వదులుతారు. మొదటి రాత్రి ఐసీయూలో నర్సు గంటగంటకూ చూసేది ఆ సీసా మీది గీతలనే. గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున ఆగకుండా వస్తుంటే సర్జన్‌కు కబురు వెళుతుంది. మళ్లీ ఛాతీ తెరవాల్సి రావచ్చు. బైపాస్ అయినవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఆ అవసరం పడుతుంది. తెరిచినప్పుడల్లా ఇన్‌ఫెక్షన్, కిడ్నీ దెబ్బ, ఎక్కించే రక్తం అన్నీ పెరుగుతాయి.

వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. ఆ ప్రభావం పోవాలంటే కొత్త ప్లేట్‌లెట్లు పుట్టాలి, దానికి వారానికి పైగా పడుతుంది. అల్లం, శొంఠి కూడా అదే దారిలో కొంత పనిచేస్తాయి. కుర్కుమిన్, నేలవేముల సంగతీ అంతే. ఏ ఒక్కటీ ఆస్పిరిన్ అంత బలమైనది కాదు. కానీ గుండెజబ్బు మనిషి అప్పటికే ఆస్పిరిన్ మీద, చాలాసార్లు అలాగే ప్లేట్‌లెట్లను అడ్డుకునే క్లోపిడోగ్రెల్ మీద ఉంటాడు. క్లోపిడోగ్రెల్‌ను ఐదు రోజుల ముందు ఆపమని డాక్టరు లెక్క కట్టి చెబుతాడు. పరగడుపు వెల్లుల్లి, పూటపూటా కషాయం ఆ లెక్కలో లేవు. అందుకే వెల్లుల్లి మందుగా తీసుకోవడం కనీసం ఏడు రోజుల ముందు ఆపాలి. మిగతా మూలికలన్నిటికీ కలిపి రెండు వారాలు అన్నది మత్తు డాక్టర్లు పాటించే గీత.

ఇంట్లోవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. "ఆపమన్నారు" అన్న మాట విని ఆస్పిరిన్, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర అన్నీ కలిపి ఆపేస్తారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్‌ను, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌ను ఆపకూడదు. ఆపరేషన్ పొద్దున కూడా బీటా బ్లాకర్ గుక్కెడు నీళ్లతో వేసుకోమని చెబుతారు. దాన్ని హఠాత్తుగా మానేస్తే గుండె వేగం పెరిగి లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. ఆపాల్సింది మూలికలు. డాక్టరు రాసిన మాత్రల్లో ఏది ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి.

పేరు లేని పొట్లం

మూలికల్లో ఏమున్నాయో తెలిసినప్పుడు లెక్క వేయొచ్చు. సంతలో, బస్టాండు దగ్గర కీళ్లనొప్పులకు కట్టిచ్చే పొట్లం మీద ఏమీ రాసి ఉండదు. గోధుమరంగు పొడి, "మూడు రోజుల్లో నొప్పి పోతుంది" అన్న హామీ. నిజంగానే మూడు రోజుల్లో పోయిందంటే అనుమానించాలి, ఎందుకంటే ఆకు పొడి అంత త్వరగా పనిచేయదు. ఇలాంటి పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, డైక్లోఫెనాక్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

గుండె ఆపరేషన్‌లో ఇది ఎలా కాటేస్తుందో చెప్పాలి. నెలల తరబడి తెలియకుండా స్టెరాయిడ్ తిన్న ఒంట్లో కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేయడం మానేస్తాయి. ఆపరేషన్ లాంటి దెబ్బ తగిలినప్పుడు మామూలు మనిషికి కార్టిసాల్ ఎన్నో రెట్లు పెరిగి బీపీని నిలబెడుతుంది. ఇతనికి పెరగదు. పంపు దించాక బీపీ లేవదు, మందు మీద మందు పెంచినా లేవదు, కారణం అంతుపట్టదు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, ఉన్నట్టుండి షుగర్ రావడం కనిపిస్తే ఆ పొట్లం గురించి ముందే మత్తు డాక్టరు చెవిన వేయాలి. ఈ ఒక్కదాన్ని మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు. చెప్పి, కార్టిసాల్ పరీక్ష చేయించి, అవసరమైతే ఆపరేషన్ రోజు స్టెరాయిడ్ తూకంగా ఇస్తారు. తిడతారని దాచిపెట్టేది ఎక్కువగా దీన్నే, దాచిపెట్టకూడనిదీ దీన్నే.

భస్మాలు, రసౌషధాల సంగతి వేరు. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ కనిపించాయి. మంచి తయారీ సంస్థలు లోహాలు పరీక్షించే అమ్ముతాయి. లేబుల్, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని భస్మం మాత్రం గుండెజబ్బు మనిషి నోట్లోకి పోకూడదు.

పొటాషియం రెండు వైపులా

ఆపరేషన్ తర్వాత లయ తప్పకుండా ఉండాలంటే రక్తంలో పొటాషియం 4కు పైన ఉండేలా చూసుకుంటారు. ఒంట్లో చేరిన నీరు తీయడానికి ఇచ్చే లాసిక్స్ పొటాషియంను మూత్రంలో పారబోస్తుంది. అదే సమయంలో దగ్గుకు అతిమధురం కషాయం తాగిస్తే నష్టం రెండింతలు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ కిడ్నీలో కార్టిసాల్‌ను అడ్డుకునే ఎంజైమును ఆపుతుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలుస్తాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. డిజాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పునర్నవ, అంటే మన అటికమామిడి, ఇంకో వైపు లాగుతుంది. అందులో పొటాషియం లవణాలు ఉంటాయి. బీపీకి, గుండెకు ఇచ్చే రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ మీద ఉన్నవాళ్లకు, కిడ్నీ మందగించినవాళ్లకు పొటాషియం పెరిగిపోయే వీలుంది. రెండూ "నీరు తీసే మూలికలు" అన్న పేరుతోనో "గొంతుకు చల్లన" అన్న పేరుతోనో ఇంట్లో చేరేవే.

గుగ్గులుతో ఇబ్బంది మరో రకం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్, డిల్టియజెమ్ మాత్రలతో పాటు గుగ్గులు ఇచ్చి చూసినప్పుడు ఆ మందులు రక్తంలోకి చేరడం తగ్గిపోయింది. కీళ్లకోసం యోగరాజ గుగ్గులు మింగుతూ, బీపీ మాత్ర పనిచేయడం లేదని వాపోయేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి.

కంచె మీది నాభి

ఇక ఇప్పటిదాకా చెప్పిన వాటికి భిన్నమైన మొక్క ఒకటి. వానలు పడ్డాక కంచెల మీద, చిట్టడవి పొదల మీద ఎగబాకుతుంది. ఆకు కొన తీగలా చుట్టుకుని పట్టు చిక్కించుకుంటుంది. పువ్వు రేకులు కింద పసుపు, పైన ఎరుపు, అగ్గి నాలుకల్లా పైకి విరుచుకుని ఉంటాయి. అడవినాభి అంటారు, అగ్నిశిఖ అనీ అంటారు. దుంప నాగలి ఆకారంలో వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది. పక్కనే తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, అక్కడ గింజల కోసం పొలాల్లో సాగు చేస్తారు. ఆ గింజల్లోంచి తీసేది కాల్చిసిన్.

గుండె ఆపరేషన్ తర్వాత వచ్చే ఒక రకం వాపుకు గట్టి ఆధారంతో పనిచేసిన మొక్కమందు ఏదైనా ఉందంటే అది కాల్చిసినే. ఆపరేషన్ అయిన కొన్ని రోజులకో వారాలకో కొందరికి జ్వరం, ఊపిరి పీలిస్తే పొడిచే ఛాతీ నొప్పి, గుండె చుట్టూ నీరు వస్తాయి. గుండెను కప్పే పొర కోతకు గురైనందుకు ఒళ్లు చూపే ఎదురుతిరుగుడు అది. ఇటలీలో 360 మందిపై చేసి 2014లో ప్రకటించిన పరీక్షలో కాల్చిసిన్ ఇచ్చినవాళ్లలో ఇది నూటికి 19.4, ఇవ్వనివాళ్లలో 29.4. మోతాదు చూడండి: డెబ్బై కిలోలు, అంతకు మించి ఉన్నవాళ్లకు అర మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లు, అంతకన్నా తక్కువ ఉంటే ఒకసారే. ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందు మొదలుపెట్టి తర్వాత ఒక నెల. అంత కొద్ది మోతాదుకే విరేచనాలు, కడుపు నొప్పి ఎక్కువయ్యాయి. లయ తప్పడం మాత్రం ఆ పరీక్షలో చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

అర మిల్లీగ్రాముకే ఇంత తేడా చూపే పదార్థం, దుంపలో ఎంత ఉందో కంటితో తెలియదు. మొక్క మొక్కకూ మారుతుంది. తినే దుంప అనుకుని దీన్ని వండుకుని చనిపోయినవాళ్లున్నారు. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత సన్నం. కిడ్నీ పని తగ్గితే ఆ ఎడం ఇంకా సన్నబడుతుంది. క్లారిత్రోమైసిన్, వెరపామిల్, డిల్టియజెమ్ అనే మందుల పక్కన పడితే మరీను. పేరులోనూ ఉచ్చు ఉంది. అడవినాభి వేరు, వసనాభి వేరు. వసనాభి గుండె లయనే నేరుగా చెదరగొట్టే విషం. రెండిటినీ "నాభి" అనేసే అంగడిలో గుండెజబ్బు మనిషికి ఏ మందూ కొనకూడదు.

మొక్క నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అన్న తగువు ఇక్కడ అర్థం లేనిదవుతుంది. కాల్చిసిన్ మొక్కదే. దాన్ని మందు చేసింది తూకం. 2021 మే నెలలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం పోటెత్తినప్పుడు కూడా జిల్లాలో చర్చంతా "హాని ఉందా లేదా" అన్న దాని చుట్టే తిరిగింది. హాని లేదని తేలడం ఒక మెట్టు. పనిచేస్తుందని తేలడం వేరే మెట్టు. ఇతర మందులు వాడుతున్న, కోత పడబోతున్న మనిషిలో పనిచేస్తుందని తేలడం ఇంకా పై మెట్టు.

తెల్లమద్ది ఎక్కడ ఆగింది

గుండెకు మూలిక అనగానే మొదట తెల్లమద్ది చెక్కే గుర్తొస్తుంది. పాలలో కాచి తాగే పద్ధతి మన వైద్యంలో పాతదే. దీని మీద శ్రద్ధగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. 1990ల్లో ఇండోర్‌లో గుండె బలహీనపడిన కొద్దిమందికి 500 మిల్లీగ్రాముల సారం రోజుకు మూడుసార్లు ఇస్తే లక్షణాలు మెరుగయ్యాయి. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 100 మందికి, అప్పటికే వాడుతున్న మందులకు తోడుగా 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు పన్నెండు వారాలు ఇచ్చి చూస్తే గుండె పంపింగ్ శక్తి పెరగలేదు. ఆపరేషన్ సమయంలో ఇవ్వడానికి ఇవేవీ ఆధారం కావు. తాగే అలవాటున్నవాళ్లు రెండు వారాల ముందు ఆపి, మళ్లీ మొదలుపెట్టే ముందు అడిగితే సరిపోతుంది. స్టాటిన్ మానేసి దాని బదులు తెల్లమద్ది తాగడం మాత్రం, వేసిన కొత్త నాళాలను చేజేతులా పూడ్చుకోవడమే.

వాల్వు మార్చినవాళ్లకు

లోహపు వాల్వు వేసుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వాడాలి. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల వాల్వులు పాడైనవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, చాలామంది చిన్న వయసు ఆడవాళ్లు. వాళ్ల ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె, బృహద్ధమని వాల్వుకైతే 2.5 చుట్టూ, మైట్రల్ వాల్వుకైతే 3 చుట్టూ ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ పేరుకుంటుంది, పెరిగితే రక్తం కారుతుంది. కుర్కుమిన్ గొట్టాలు, శల్లకి గొట్టాలు దాన్ని పైకి తోయగలవు. మునగాకు పొడి విటమిన్ కె వల్ల కిందికి లాగుతుంది. ఈ మధ్య మునగాకు పొడిని అన్ని జబ్బులకూ మందన్నట్టు రోజూ రెండు చెంచాలు తినేవాళ్లు పెరిగారు. మునగాకు కూర తినవద్దని కాదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే తినండి. ఉన్నట్టుండి పెంచినా మానేసినా ఐఎన్ఆర్ కదులుతుంది, కదిలిన సంగతి మూడు నాలుగు రోజులకు గానీ పరీక్షలో తెలియదు.

గాయం మీద, విస్తట్లో

ఇంటికొచ్చాక మూలికలు మళ్లీ రెండు దారుల్లో వస్తాయి. ఒకటి గాయం మీద. కాలి కోత ఎర్రగా కనిపించగానే పసుపు ముద్ద పెట్టడం, ఆకు పసరు పిండటం, జిల్లేడు ఆకు వెచ్చచేసి కట్టడం. మూతపడిన చర్మం మీద పసుపు రాస్తే పెద్దగా ఏమీ కాదు గానీ, ఇంకా తడి ఊరుతున్న కోత మీద రోట్లో నూరిన ముద్ద పెడితే మట్టిలోని క్రిములను గాయంలో నాటినట్టే. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి. రొమ్ము కోతలోంచి నీరు కారినా, దగ్గినప్పుడు ఎముక టక్కున కదిలినట్టు అనిపించినా, జ్వరం 100.4 దాటినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

రెండోది పథ్యం. కందిపప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప పులుపు అని అన్నీ మాన్పించి, కారప్పొడి అన్నం, వెల్లుల్లి కారం మీద నెల గడిపిస్తారు. గాయం మానడానికి కావాల్సిన ప్రోటీన్ ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, నూరు గ్రాముల చేపకు 18 నుంచి 20 గ్రాములు. కారప్పొడిలో ఏముంది? నెల్లూరు చేపల పులుసు ఉప్పు, నూనె తగ్గించి పెట్టండి, ఆ మనిషికి కారప్పొడి అన్నం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం ఈ లెక్క డాక్టరు వేసివ్వాలి.

ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సంచి

ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఇంట్లో ఉన్న చూర్ణాలు, లేహ్యాలు, గొట్టాలు, సీసాలు, పొట్లాలు, షుగర్‌కు వాడే పొడపత్రి, మెంతి పొడి, కాకర రసంతో సహా ఒక సంచిలో వేయండి. పరగడుపున ఉంచే ఆపరేషన్ రోజున ఆ చివరివి షుగర్‌ను మరీ కిందికి దించే వీలుంది. ఒక కాగితం మీద ఏది, ఎంత, ఎన్నాళ్ల నుంచి, చివరిసారి ఏ రోజు అన్నది రాయండి. పేరు తెలియకపోతే "కీళ్లకు గోధుమరంగు పొడి, రోజుకు అర చెంచా, రెండేళ్లుగా" అని రాసినా చాలు. సంచి, కాగితం సర్జన్‌కే కాదు, ముందురోజు వచ్చి చూసే మత్తు డాక్టరుకు తప్పకుండా చూపించండి. గుండెపోటుతో హఠాత్తుగా చేరి, రెండు వారాలు ఆగే వీల్లేకపోతే ఆపరేషన్ ఆపక్కర్లేదు. ఆ కాగితం చూసి ప్లేట్‌లెట్లు, రక్తం అదనంగా సిద్ధం చేసుకుంటారు.

మళ్లీ మొదలుపెట్టడం ఆరు వారాల చెకప్ తర్వాత, అదీ డాక్టరు సరేనన్నవి మాత్రమే, ఒక్కోసారి ఒక్కటి. ఒకటి మొదలుపెట్టి రెండు వారాలాగి క్రియాటినిన్, పొటాషియం, కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ చూపించుకోండి. వార్ఫరిన్ మీద ఉంటే ఐఎన్ఆర్‌ను వారంలోపే చూడాలి. ఆ ఐఎన్ఆర్ పుస్తకంలో మాత్ర మోతాదు పక్కన ఇంకో గడి గీసుకుని మునగాకు తిన్న రోజు, కషాయం తాగిన రోజు రాసుకుంటూ పోతే, అంకె ఎందుకు కదిలిందో వచ్చే నెల చెకప్‌లో మీరూ డాక్టరూ కలిసి వెతుక్కోవచ్చు.